ఇద్దరు చిన్నపిల్లలతో ఒక్కదాన్నే సిటీ బస్సులో వెళ్ళగలనా? ఒక మాజీ కండక్టర్ సమాధానం

ఇక్కడ ఒక అమ్మాయి అడిగిన ప్రశ్న ఇది. కొత్తగా హన్మకొండ దగ్గరి భీమారంలో ఇల్లు కిరాయికి తీసుకున్నారు. మూడేళ్ళ బాబు, ఎనిమిది నెలల పాప. భర్తది షిఫ్టు డ్యూటీ. టీకాలకు ఎంజీఎం ఆసుపత్రి దాకా, అప్పుడప్పుడు వరంగల్ చౌరస్తా దగ్గరున్న అత్తగారింటికి ఇద్దరినీ తీసుకుని ఒక్కతే వెళ్ళాలి. ప్రతిసారీ ఆటో మాట్లాడుకోవాలంటే ఖర్చు భరించలేమంటోంది. ఇంట్లోవాళ్ళేమో బస్సులో పిల్లలతో నీ వల్ల కాదు, బండి మీద నలుగురం పోదాం అంటున్నారట. ఎక్కడం, దిగడం తలచుకుంటేనే టెన్షన్‌గా ఉంది, నిజంగా అయ్యే పనేనా అని అడిగింది.

అవుతుంది బిడ్డా. నా కూతురి వయసుంటావు కాబట్టి నువ్వు అనే రాస్తున్నాను. వరంగల్, హన్మకొండ, కాజీపేట రూట్లలో చాలా ఏళ్ళు కండక్టర్‌గా చేశాను. నా ఇద్దరు పిల్లలనూ ఇవే బస్సుల్లో తిప్పాను, ఇప్పుడు మనవరాలిని తిప్పుతున్నాను. చంకలో ఒకరిని, చేతికి ఒకరిని పట్టుకుని ఎక్కిన తల్లులను రోజూ చూసేదాన్ని. వాళ్ళలో ఇబ్బంది లేకుండా దిగి వెళ్ళినవాళ్ళకు, ఏడుపు ముఖంతో దిగినవాళ్ళకు మధ్య తేడా ధైర్యంలో లేదు. ఏ టైముకు బయలుదేరారు, ఏ బస్సును వదిలేశారు అన్నదాంట్లోనే ఉంది.

అందుకే అన్నిటికన్నా ముందు ఈ మాట: కూర్చోవడానికి సీటు లేని బస్సు ఎక్కకు. ఎంత ఆలస్యమైనా సరే, వదిలేయి.

ఎందుకంటే, నిలబడాల్సి వస్తే ఒక చేయి పాపను పట్టుకుంటుంది, ఒక చేయి రాడ్డును పట్టుకుంటుంది. మరి బాబును ఎవరు పట్టుకోవాలి? డ్రైవర్ ఒక్కసారి బ్రేకు తొక్కితే పెద్దవాళ్ళే ముందుకు పడతారు. మూడేళ్ళ పిల్లాడి ఎత్తుకు పట్టుకోవడానికి ఏమీ ఉండదు, వాడి తల సరిగ్గా సీటు అంచుల ఎత్తులో ఉంటుంది. కూర్చుంటే ఈ సమస్య పోతుంది. పాప ఒళ్ళో, బాబు పక్కన, నీ రెండు చేతులూ ఖాళీ. "ఎక్కితే ఎవరో ఒకరు లేచి సీటిస్తారులే" అనుకుని ఎక్కకు. ఇస్తారు, మన దగ్గర చాలామంది ఇస్తారు. కానీ ఆ మనిషి నిన్ను చూసి, లేచి, నువ్వు అక్కడికి చేరేలోపే బస్సు కదులుతుంది. పడేది ఆ కొద్దిసేపట్లోనే.

2023 డిసెంబర్ 9 నుంచి మహాలక్ష్మి పథకం కింద ఆడవాళ్ళకు ప్రయాణం ఉచితమైంది. ఎంతోమంది ఇల్లు దాటి బయటికి రాగలుగుతున్నారు, అది చూస్తే నాకు సంతోషమే. కానీ పొద్దున, సాయంత్రం బస్సులు ముందుకన్నా ఎక్కువ నిండుతున్నాయి. కాబట్టి టైము చూసుకోవాలి. పొద్దున ఎనిమిది నుంచి పది దాకా ఆఫీసులు, కాలేజీలు. నీ దారిలోనే కాకతీయ యూనివర్సిటీ ఉంది, ఆ పక్కన కాలేజీలు. ఆ గంటల్లో భీమారం స్టాపుకు వచ్చేసరికే బస్సు నిండి ఉంటుంది. సాయంత్రం నాలుగు నుంచి ఆరున్నర, ఏడు దాకా మళ్ళీ అంతే. పొద్దున పదిన్నరకు పోయి, మధ్యాహ్నం మూడున్నర లోపు తిరుగు బస్సు ఎక్కేలా చూసుకో. ఎండాకాలంలో మాత్రం ఈ లెక్క మారుతుంది, కింద చెబుతాను.

ఎక్కడ ఎక్కుతున్నావు అన్నది కూడా ముఖ్యమే. పోయేటప్పుడు భీమారం మధ్య స్టాపు, అక్కడ చేయగలిగిందేమీ లేదు. బస్సు దగ్గరికి వస్తుంటే కిటికీల్లోంచి చూడు, మనుషులు నిలబడి కనిపిస్తే దాన్ని పోనివ్వు. వచ్చేటప్పుడు మాత్రం నీ చేతిలో పని. వరంగల్ చౌరస్తా నుంచి వస్తుంటే రోడ్డు మీద చేయెత్తకుండా బస్టాండుకే వెళ్ళి ఎక్కు. ఎంజీఎం నుంచి అయితే ముందు హన్మకొండ బస్టాండు దాకా వచ్చి, అక్కడ హసన్‌పర్తి వైపు పోయే బస్సు ఖాళీగా ఉన్నప్పుడే ఎక్కి కూర్చో. ఒకే బస్సులో నిలబడి రావడంకన్నా రెండు బస్సుల్లో కూర్చుని రావడం మేలు. అరగంట ఎక్కువ పడుతుంది, పట్టనీ.

ఇక పాపను ఎత్తుకునే సంగతి. చేతులతో ఎత్తుకోవద్దు, ఒంటికి కట్టుకో. దుకాణంలో దొరికే బేబీ క్యారియర్ అయినా సరే, మన పాతకాలపు వాళ్ళు కట్టుకున్నట్టు గట్టి నూలు గుడ్డ అయినా సరే. పాప ముఖం నీ వైపు ఉండాలి, ఎప్పుడు చూసినా ముక్కు, నోరు కనబడుతూ ఉండాలి, గడ్డం దాని ఛాతీకి ఆనుకుపోకూడదు. తల వంగి గడ్డం ఆనితే చిన్నపిల్లలకు ఊపిరి సరిగా ఆడదు. ముఖం మీద కొంగు పూర్తిగా కప్పి నిద్రపుచ్చడం చాలామంది చేస్తారు, అది వద్దు. ఎండ పడకుండా పక్క నుంచి చాటు పెట్టు, చాలు. తోపుడు బండి, అదే స్ట్రోలర్, మన సిటీ బస్సులకు పనికిరాదు. మెట్లు ఎత్తు, దారి ఇరుకు, మడిచి పెట్టే చోటు ఉండదు.

సంచి ఒక్కటే ఉండాలి, అది వీపుకు ఉండాలి. డబ్బులు, ఫోను, ఆధార్ కార్డు మాత్రం నడుముకో, మెడలో ముందు వైపుకో చిన్న పర్సులో పెట్టుకో. టికెట్ అడిగినప్పుడు పెద్ద సంచి దింపి వెతికితే పాప మీద నుంచి దృష్టి పోతుంది. పిల్లల ఒంటి మీద బంగారం వద్దు. ఎక్కేచోట తోపులాటలో గొలుసు పోయినా తెలియదు, లాగితే మెడ కోసుకుపోతుంది.

ఎక్కేటప్పుడు బాబు ముందు, వాడి వెనుక నువ్వు. దిగేటప్పుడు నువ్వు ముందు, ఆ తరువాత బాబు. ఎప్పుడైనా సరే వాడి కన్నా కింద నువ్వు ఉండాలి, జారితే నీ మీద పడతాడు. మొదటి మెట్టు వాడికి చాలా ఎత్తు, చంక కింద చేయి వేసి లేపు, మిగతా మెట్లు వాడే ఎక్కుతాడు. మణికట్టు పట్టుకుని పైకి గుంజకు. ఐదేళ్ళలోపు పిల్లలకు అలా గుంజితే మోచేయి కీలు పక్కకు జరుగుతుంది, నా బస్సులోనే ఒకసారి ఒక పిల్లాడికి అలా అయింది. చేయి కదపకుండా వేలాడేసి ఏడుస్తుంటే తల్లి పడిపోయాడేమో అనుకుంది. డాక్టర్ నిమిషంలో సరిచేశాడు, కానీ ఆ ఏడుపు నాకు ఇప్పటికీ గుర్తుంది.

ఎక్కుతూనే గట్టిగా, వినబడేలా చెప్పు: "చిన్నపిల్లలున్నారు, కూర్చునేదాకా ఆగండి." సిగ్గుపడకు. కండక్టర్ వైపు నుంచి చెబుతున్నాను విను. జనం మధ్యలో టికెట్లు కొడుతూ ఉంటే మాకు ముందు తలుపు దగ్గర ఎవరు ఎక్కారో కనబడదు. డ్రైవర్‌కు అద్దంలో తలుపు కనబడుతుంది, లోపల నువ్వు కూర్చున్నావో లేదో తెలియదు. స్టాపులో అందరూ ఎక్కారనుకుని "రైట్" అంటాం. నీ గొంతు వినబడితే "హోల్డాన్" అంటాం. పిల్లలున్నారని తెలిసీ ఆపని కండక్టర్లు చాలా తక్కువ. తెలియక కదిలించేసిన సందర్భాలే నేను ఎక్కువ చూశాను.

సాయం అడిగేటప్పుడు కూడా అంతే, ఒక మనిషిని చూసి అడుగు. "ఎవరైనా సీటివ్వండి" అంటే అందరూ పక్కవాళ్ళు లేస్తారని చూస్తారు. "తమ్మీ, పాప ఉంది, కొంచెం జరుగుతావా", "పెద్దమ్మా, ఈ సంచి కాస్త పట్టుకుంటావా" అంటే కాదనేవాళ్ళు ఉండరు. అయితే ఇందులో ఒక హద్దు ఉంది. సంచి ఎవరికైనా ఇవ్వు, నువ్వు కింద ఉండగా పిల్లలను పైన ఎవరి చేతికీ అందించకు. వాళ్ళు మంచివాళ్ళే కావచ్చు. కానీ బాబు బస్సులో, నువ్వు రోడ్డు మీద ఉండగా బస్సు కదిలితే? నేను డ్యూటీలో ఉండగా అలా జరిగింది. జాతర రద్దీలో ఒకావిడ పిల్లను పైకి అందించి తను ఎక్కలేకపోయింది. జనం అరిచారు కాబట్టి కొద్ది దూరంలోనే ఆగాం. ఆమె పరుగెత్తుకుంటూ వచ్చి ఆ పిల్లను పట్టుకున్న తీరు చూసిన తరువాత, ప్రతి తల్లికీ ఈ మాట చెబుతూ వచ్చాను.

సీటు ఎక్కడ? మధ్యలో, లేదంటే మధ్యకన్నా కొంచెం ముందు. వెనుక చక్రం మీద, ఆ వెనుక వరుసల్లో కుదుపు ఎక్కువ, స్పీడ్ బ్రేకర్ వస్తే పిల్లలు సీటు మీద నుంచి ఎగురుతారు. మొట్టమొదటి సీటు కూడా వద్దు. ముందు సీటు వీపు అడ్డం ఉండదు, బ్రేకు పడితే నేరుగా ముందుకు పోతారు. ఇంజన్ పక్కన వేడి వేరే. బాబును కిటికీ వైపు కూర్చోబెట్టు, నువ్వు దారి వైపు కూర్చో, పాప నీ ఒళ్ళో. సీటు మీద నిలబడనివ్వకు, మోకాళ్ళ మీద కూడా వద్దు. కిటికీ చువ్వల్లోంచి చేయి బయట పెట్టడం గురించి ఎంత చెప్పినా తక్కువే. ములుగు రోడ్డు మీద లారీలు బస్సును రాసుకుంటూ పోతాయి. బాబు చేతికి ఏదైనా పని పెట్టు. ముందు సీటు రాడ్డును రెండు చేతులతో పట్టుకోవడమే వాడి డ్యూటీ అని చెప్పు. ఒకాయన తన కొడుకుతో ప్రతి స్టాపు పేరు చెప్పించేవాడు: కేయూ క్రాస్, నయీంనగర్, చౌరస్తా... తరువాతి స్టాపు ఏదని వాడు నన్నే ఎదురు అడిగేవాడు. అట్లా వాడికి ప్రయాణం మీద ధ్యాస ఉండేది, కిటికీలోకి చేయి పోయేది కాదు. చేతికి ఫోను ఇచ్చినా కుదురుగా కూర్చుంటాడు, కానీ దాని సంగతి వాంతుల దగ్గర చెబుతాను.

టికెట్ల సంగతి క్లుప్తంగా. నీకు, పాపకు ఏమీ లేదు. సిటీ ఆర్డినరీ, పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో తెలంగాణ ఆడవాళ్ళకు, ఏ వయసు ఆడపిల్లలకైనా ఉచితం. డీలక్స్, సూపర్ లగ్జరీల్లో ఉచితం లేదు. బాబుకు ఐదేళ్ళు నిండేదాకా టికెట్ లేదు, ఐదు నుంచి పన్నెండు దాకా అర టికెట్. ఉచితమే కదా అని జీరో టికెట్ (డబ్బులు తీసుకోకుండా కొట్టే టికెట్) తీసుకోకుండా కూర్చోకు, తప్పకుండా అడిగి తీసుకో. గుర్తింపు కార్డు ఒరిజినల్ ఉండాలి, దాని మీద ఫొటో, తెలంగాణ అడ్రసు కనబడాలి. జిరాక్సు, ఫోనులో ఫొటో చెల్లవు. పాన్ కార్డు మీద అడ్రసు ఉండదు కాబట్టి అదీ పనికిరాదు. పాత ఆధార్ మీద ఇంకా ఆంధ్రప్రదేశ్ అని ఉంటే మార్పించుకో. కండక్టర్‌తో వాదనలన్నీ ఎక్కువగా ఇక్కడే వస్తాయి, పిల్లలు ఏడుస్తుండగా ఆ వాదన నీకెందుకు.

వాంతుల గురించి నువ్వు అడగలేదు కానీ అడగాల్సిందే. రెండేళ్ళలోపు పిల్లలకు బస్సు పడకపోవడం తక్కువ. రెండు నుంచి పన్నెండేళ్ళ మధ్య ఎక్కువ, అంటే మీ బాబు ఇప్పుడే ఆ వయసులోకి వచ్చాడు. కారణం ఏంటంటే, ఒళ్ళు కదులుతోందని లోపలి చెవి చెబుతుంది, కళ్ళేమో ఫోను మీదనో, ముందు సీటు మీదనో ఉండి కదలడం లేదంటాయి. ఆ రెండూ కలవక కడుపులో తిప్పుతుంది. అందుకే ఫోను వద్దన్నాను. ముందుకు, దూరంగా కనబడే చెట్లను, గుట్టలను చూపించు. గాలి తగలనివ్వు. బయలుదేరే ముందు కడుపు నిండా పాలు, నూనె వస్తువులు పెట్టకు. అట్లని పూర్తిగా ఖాళీ కడుపుతో కూడా తీసుకుపోకు, ఒక ఇడ్లీ, అరటిపండు ముక్క లాంటిది గంట ముందు పెట్టు. వాంతి మందు మెడికల్ షాపులో అడిగి వేసేయకు, చిన్నపిల్లలకు కొన్ని మత్తు మందులు ప్రమాదం, పిల్లల డాక్టర్‌ను అడిగే వేయాలి. రెండు ప్లాస్టిక్ కవర్లు, ఒక పాత టవల్, ఒక జత బట్టలు సంచిలో పై అరలో ఉండాలి, అడుగున కాదు.

నడుస్తున్న బస్సులో పల్లీలు, బఠానీలు, పేలాలు, గట్టి చాక్లెట్లు పెట్టకు. స్టాపుల్లో పల్లీపట్టీలు, బఠానీలు అమ్మేవాళ్ళు ఎక్కుతారు, పిల్లలు అడుగుతారు. ఒక కుదుపుకు గొంతులోకి జారితే అక్కడ నీకు సాయం చేయగలవాళ్ళు ఉండకపోవచ్చు. ఐదేళ్ళలోపు పిల్లలకు మెత్తటివే, అవి కూడా బస్సు ఆగి ఉన్నప్పుడే. నీళ్ళు గుక్క గుక్కగా తాగించు. పాపకు పాలు బయలుదేరే ముందు బస్టాండులోనో, ఇంట్లోనో ఇచ్చుకుని రావడం తేలిక. మధ్యలో అడిగితే ఇవ్వు, కిటికీ వైపు తిరిగి చున్నీ చాటు పెట్టుకుంటే ఎవరూ ఏమీ అనరు. అలాంటప్పుడు బాబును ఒక్క మాట అడుగు, వాడు కొద్దిసేపు దారి వైపు కూర్చుంటాడు. నీ మోకాలు అడ్డం పెట్టుకో.

బాబును ఎక్కేముందు ఒంటికి పోయించు, వద్దన్నా సరే. ఇప్పుడిప్పుడే డైపర్ మానేసిన పిల్లలకు ప్రయాణం రోజు ఒక్కటి వేయడంలో తప్పు లేదు. నేర్చుకున్నది మరిచిపోతారని భయపడకు.

ఇక ఎండ. మన వరంగల్ వైపు మే నెలలో ఎండ 42, 43 డిగ్రీలు దాటే రోజులుంటాయి. ఆగి ఉన్న బస్సు లోపల ఇంకా ఎక్కువ, రేకు కాలిపోతుంది. ఏప్రిల్, మే నెలల్లో పదకొండు నుంచి నాలుగున్నర దాకా పాపతో బస్సు ప్రయాణం పెట్టుకోకు. ఆ నెలల్లో పొద్దున ఆరున్నర, ఏడుకే బయలుదేరి, పని చూసుకుని పది లోపే వచ్చేయి. కాలేజీలకు సెలవులుంటాయి కాబట్టి పొద్దున రద్దీ కూడా కొంత తగ్గుతుంది. అత్తగారిల్లు అయితే పొద్దున పోయి రాత్రి అక్కడే ఉండు. వానాకాలంలో ఇంకో చిక్కు. 2023 జూలైలో నయీంనగర్ దగ్గర నాలా పొంగి రోడ్డు మునిగింది నీకు తెలిసే ఉంటుంది, అది సరిగ్గా నీ దారే. గట్టి వాన పడుతుంటే పని వాయిదా వేసుకో. ఒకసారి బస్సు ఆగిపోతే పిల్లలతో దిగి నీళ్ళల్లో నడవలేవు.

టీకాల గురించి ఒక మాట, బస్సుకు సంబంధం లేకపోయినా. పాపకు తొమ్మిది నెలలు నిండాక వేసే మీజిల్స్ రుబెల్లా టీకా కోసం ఎంజీఎం దాకా పోనక్కర్లేదు. నీ ఇంటికి దగ్గరున్న పట్టణ ఆరోగ్య కేంద్రంలో కూడా ఉచితంగానే వేస్తారు. సాధారణంగా బుధ, శనివారాల్లో ఉంటుంది, మీ వాడ ఆశా కార్యకర్తనో అంగన్‌వాడీ టీచర్‌నో అడిగితే ఎక్కడో, ఎప్పుడో చెబుతారు. అప్పుడు అసలు బస్సు ప్రయాణమే తప్పుతుంది. టీకా వేయించిన రోజు పాపకు జ్వరం రావచ్చు, ఆ రోజు దగ్గర్లో ఉండడమే మంచిది.

దిగడం ఎక్కడంకన్నా కష్టం. తొందర ఉంటుంది, పిల్లలు నిద్రపోయి ఉంటారు. నీ స్టాపుకు ముందు స్టాపులోనే కండక్టర్‌కు చెప్పు: "వచ్చే స్టాపులో దిగుతాం, పిల్లలున్నారు." బాబును అప్పుడే లేపు. కానీ బస్సు పూర్తిగా ఆగేదాకా సీట్లోంచి లేవకు. స్టాపు దాటిపోతుందేమోనని ముందే లేచి తలుపు దగ్గర నిలబడతారు మన ఆడవాళ్ళు, నాకు అన్నిటికన్నా భయం వేసేది ఆ దృశ్యమే. చెప్పి ఉంచావు కదా, ఆపుతారు. ఆపకపోయినా ఒక స్టాపు ముందుకు పోయి దిగొచ్చు, నష్టం లేదు. దిగాక బస్సు ముందు నుంచి రోడ్డు దాటకు. డ్రైవర్ సీటు ఎత్తులో ఉంటుంది, బానెట్ కింద ఉన్న చిన్నపిల్లలు ఆయనకు కనబడరు. పక్క నుంచి ఓవర్‌టేక్ చేసే బండ్లకు నువ్వూ కనబడవు. బస్సు వెళ్ళిపోనివ్వు, రోడ్డు రెండు వైపులా కనబడ్డాక దాటు.

ఏడుపు గురించి చాలా భయపడుతున్నట్టున్నావు. పిల్లలు ఏడిస్తే బస్సులో అందరూ మన వైపే చూస్తున్నట్టు అనిపిస్తుంది. కండక్టర్‌గా నాకు తెలిసినదాన్ని బట్టి చూసేవాళ్ళలో ఎక్కువమంది సాయం చేయాలనే చూస్తారు. ఒక ముసలవ్వ తన బుట్టలోంచి జామకాయ తీసి ఆడిస్తుంది, కాలేజీ పిల్లలు చిటికెలు వేస్తారు. బస్సు ఆగితే ఏడుస్తారు, కదిలితే ఊరుకుంటారు, ఇది చాలామంది పసిపిల్లల లక్షణం. సిగ్నల్ దగ్గర ఏడుపు మొదలైతే కంగారు పడి దిగిపోవద్దు, బస్సు కదలనీ. ఒక్క విషయం గమనించు: ఒళ్ళు కాలుతుంటే, చెమటతో తడిసి ఉంటే, నిమిషాల తరబడి ఒకేలా ఏడుస్తుంటే మాత్రం దిగి నీడకు తీసుకుపో.

బస్సు వద్దనే రోజులు కూడా ఉంటాయి. పాపకు ఎగశ్వాస, ఫిట్స్, వదలని వాంతులు ఉంటే బస్సు కోసం చూడకు, 108కు ఫోన్ చేయి. నీకు ఆపరేషన్ కాన్పు అయి కొద్ది వారాలే అయి ఉంటే బాబును ఎత్తి మెట్లు ఎక్కించే పని పెట్టుకోకు (నీకు కాన్పయి ఎనిమిది నెలలైంది, పరవాలేదు. చదివే వేరేవాళ్ళ కోసం రాశాను). చీకటి పడ్డాక ఇద్దరితో ఒక్కదానివే చివరి బస్సు మీద ఆధారపడకు, అది రాకపోతే ఏం చేస్తావు? సద్దుల బతుకమ్మ, దసరా ముందు రోజుల్లో, రెండేళ్ళకోసారి మేడారం జాతర వారంలో మన వైపు బస్సులు ఎలా ఉంటాయో తెలుసు కదా. పుట్టింటికి పోయేదుంటే రెండు మూడు రోజులు ముందే పో. ఇలాంటి రోజులకోసమే నెలకు కొంత ఆటో డబ్బు పక్కన పెట్టుకో, రోజూ ఆటోకు పెట్టే ఖర్చులో అది కొంతే అవుతుంది.

షేర్ ఆటో ఎక్కాల్సి వస్తే ఒకే షరతు: లోపలి సీటు దొరికితేనే. డ్రైవర్ పక్కన, వెనుక వేలాడే పలక మీద పిల్లలతో కూర్చోకు. బాబు నీకూ, నీ పక్క మనిషికీ మధ్య ఉండాలి, అంచున కాదు.

ఇంట్లోవాళ్ళు బండి అంటున్నారని రాశావు. దీనిమీద నాకు రెండో అభిప్రాయం లేదు. బండి మీద నడిపేవాళ్ళు కాక ఒక్కరే కూర్చోవాలన్నది చట్టం. నాలుగేళ్ళలోపు పిల్లలు ఎక్కితే వాళ్ళను నడిపేవాళ్ళకు కట్టే బెల్టు ఉండాలి, తొమ్మిది నెలలు దాటినవాళ్ళకు హెల్మెట్ ఉండాలి, బండి 40 కిలోమీటర్ల వేగం దాటకూడదు. ఈ నిబంధన 2023 ఫిబ్రవరి నుంచి అమల్లో ఉంది. ఎనిమిది నెలల పాపకు సరిపోయే హెల్మెట్ లేదు, ఆ మెడ దాని బరువు మోయలేదు కూడా. నలుగురు ఒక బండి మీద పోవడంకన్నా సీటు దొరికిన బస్సు ఎన్నో రెట్లు నయం. ఈ మాట నేను చెప్పానని ఇంట్లో చూపించు.

పుట్టిల్లు మంచిర్యాల అని రాశావు. అక్కడికి బస్సు వద్దు, కాజీపేటలో రైలెక్కు. జమ్మికుంట, పెద్దపల్లి, రామగుండం మీదుగా పోతుంది. లోపల బాత్రూమ్ ఉంటుంది, బాబు నాలుగడుగులు నడవొచ్చు, పాపను పడుకోబెట్టొచ్చు. ఐదేళ్ళలోపు పిల్లలకు విడిగా బెర్తు అడగకపోతే టికెట్ అక్కర్లేదు. స్టేషన్‌లో పిల్లలను ప్లాట్‌ఫాం అంచుకు దూరంగా, గోడ వైపు ఉంచు. కదులుతున్న రైలు ఎక్కే ప్రయత్నం ఎప్పుడూ చేయకు. పెద్ద రైళ్ళు కూడా కొన్ని స్టేషన్లలో రెండు నిమిషాలే ఆగుతాయి కాబట్టి మంచిర్యాలలో దిగేటప్పుడు ఎవరినైనా స్టేషన్‌కు రమ్మను.

తప్పిపోవడం గురించి అమ్మలందరికీ ఉండే భయం నాకూ ఉండేది. బాబు చొక్కా లోపలి జేబులో నీ ఫోను నంబరు, ఆయన నంబరు రాసిన కాగితం పెట్టు. జాతరకో, పండగ రద్దీకో పోయేటప్పుడు మోచేతి మీద పెన్నుతో కూడా రాయి. కాగితం మీద పేరు బయటికి కనబడేలా రాయకు, పేరు పెట్టి పిలిచేవాళ్ళను పిల్లలు నమ్మేస్తారు. వాడికి ఒక్కటే నేర్పు: అమ్మ కనబడకపోతే ఉన్నచోటే నిలబడి అరవాలి, లేదా ఖాకీ బట్టల్లో ఉన్నవాళ్ళ దగ్గరికి పోవాలి. బస్టాండులో అయితే వెంటనే ఎంక్వైరీ కౌంటర్‌కు పరుగెత్తు, మైకులో చెబుతారు. 1098 పిల్లల కోసం ఉన్న ఉచిత నంబరు, 112 పోలీసులకు. ఫోనులో ఇప్పుడే దాచుకో.

మొదటిసారే ఎంజీఎం దాకా పోకు. ఒక ఆదివారం మధ్యాహ్నం, మీ ఆయన ఇంట్లో ఉన్న రోజు చూసుకుని, నలుగురూ కలిసి కేయూ క్రాస్ దాకా పోయి దిగండి. ఎక్కించడం, దింపడం, టికెట్ అడగడం అన్నీ నువ్వే చేయి, ఆయన వెనుక ఉండి చూడనీ. తరువాత ఇంకో రోజు నువ్వూ పిల్లలూ మాత్రమే హన్మకొండ చౌరస్తా దాకా పోండి. బాబు స్టాపుల పేర్లు చెప్పడం మొదలుపెడతాడు, పాప కుదుపుకు నిద్రపోతుంది, అప్పుడు వరంగల్ దాకా పెంచు. భీమారం నుంచి ఏ టైముకు బస్సులు కొంచెం ఖాళీగా వస్తాయో ఒక వారం గమనించి ఇక్కడ రాయి. బాబు బరువెంత, పాపకు ఏ రకం క్యారియర్ ఉంది అన్నదీ రాస్తే, కట్టుకోవడం గురించి ఇంకా వివరంగా చెబుతాను.